సీటుకు ముందే స్తోత్రం

ఆ ఆదివారం ఉదయం వినీల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో అందరూ చర్చికి వెళ్తారు. వాళ్లు తిరిగొచ్చేలోపు స్టాటిస్టిక్స్ పుస్తకంలో కోరిలేషన్ అధ్యాయం ముగించాలి. అంతే.

విజయవాడ పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆమె బీఏ మొదటి సంవత్సరం చదువుతోంది. నిజానికి చదవాలనుకున్నది లా. ఎంట్రన్సు రోజున ఒళ్లు కాలిపోయే జ్వరంతో వెళ్లి, ప్రశ్నపత్రం మీదే తలవాల్చి నిద్రపోయి వచ్చింది. అయితే ఆ యూనివర్సిటీలో ఇంకో దారి ఉంది. మొదటి సంవత్సరం మంచి గ్రేడులు తెచ్చుకున్నవాళ్లను కొద్దిమందిని లా కోర్సులోకి మార్చుకుంటారు. మిగతా పేపర్లన్నీ వినీల బాగానే రాసింది. ఇక ఉన్నది స్టాటిస్టిక్స్ ఒక్కటే. అందులో ‘ఏ’ గ్రేడు వస్తే లా. రాకపోతే అదే బీఏ, ఆ తర్వాత నాన్న అనుకుంటున్న బ్యాంకు పరీక్షలు.

నాన్నకు ఈ సంగతేమీ తెలియదు. ఏసుపాదం ఉయ్యూరులో చెరకు కాటా దగ్గర గుమాస్తా. కాటా మీదికి ఎక్కకముందే బండి బరువు చెప్పే మనిషిని చూస్తే ఆయనకు ఒళ్లు మంట. అలాంటాయనకు రాని సీటు గురించి చెప్పి లాభం లేదని, వచ్చాకే చెబుదామని కూతురు ఊరుకుంది.

చర్చికి ఎందుకు రావడం లేదని నాయనమ్మ మార్తమ్మ గుమ్మంలో నిలబడి నిలదీసింది. వినీలకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఉన్నది చెప్పేసి, ఎవరితోనూ అనకుండా మనసులోనే ప్రార్థన చేసుకోమని గడ్డం పట్టుకుని బతిమాలింది. మార్తమ్మ సరేనంది. పొరపాటంతా అక్కడే జరిగింది.

ఎందుకంటే మార్తమ్మకు దేవుణ్ణి అడిగి ఎదురుచూసే అలవాటు లేదు. అడిగామంటే అనుమానపడ్డట్టేనని ఆమె లెక్క. అందుకని ముందే కృతజ్ఞత చెప్పేస్తుంది. మోకాలి ఆపరేషను కాకముందే మోకాలు బాగైందని సాక్ష్యం ఇచ్చింది. ఆ సాక్ష్యం ఇవ్వడానికి ఆమెను ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. సంఘంలో పాతవాళ్లందరికీ ఈ పద్ధతి తెలుసు. కిందటి నెలే బదిలీ మీద వచ్చిన పాస్టరుగారికి తెలియదు.

సాక్ష్యాల సమయంలో మార్తమ్మ లేచి, తన మనవరాలికి లా సీటు ఇచ్చిన దేవునికి స్తోత్రం చెప్పి కూర్చుంది. పాస్టరుగారు కదిలిపోయారు. ఈ సంఘం నుంచి మొదటి లాయరు వస్తోందని అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. పాతవాళ్లు కూడా, పాస్టరుగారి నోటివెంట వచ్చాక అది నిజమే అయ్యుంటుందని నమ్మేశారు. ఆ తర్వాత ఆయన మగవాళ్ల వైపు తిరిగి, తండ్రిగారిని ఒక మాట చెప్పమన్నారు.

ఏసుపాదం లేచాడు. కన్నకూతురికి సీటు వచ్చిందన్న సంగతి తనకే తెలియదని ఇంతమందిలో ఏ తండ్రి చెప్పగలడు? "ఇది మేం మొదట్నుంచీ అనుకుంటున్నదేనండీ," అన్నాడు. మళ్లీ చప్పట్లు. కూర్చున్న కాసేపటికి తన మాట తనకే నిజమనిపించింది. ప్రసంగం అయ్యేసరికి ఆయన లాయరుగారి తండ్రిలాగే కూర్చుని ఉన్నాడు.

కోరిలేషన్ సగంలో ఉండగా వాకిట్లో సందడి వినిపించి వినీల బయటికొచ్చింది. చర్చి సగం అక్కడే ఉంది. ముందు వరసలో నాన్న, చేతిలో మిఠాయి పొట్లం. అందరూ వెళ్లేదాకా ఆమె నవ్వుతూ దణ్ణాలు పెట్టింది. ఆ తర్వాత నాన్నను వంటింట్లోకి పిలిచి అసలు సంగతి చెప్పింది. సీటు రాలేదు, పరీక్షే ఇంకా రాయలేదు.

ఏసుపాదం పీట వాల్చుకుని కూర్చున్నాడు. "చల్లపల్లి బాబాయికి కూడా ఫోన్ చేసి చెప్పేశానే," అన్నాడు నీరసంగా. చల్లపల్లి బాబాయికి చెప్పడమంటే దివిసీమ దాకా చెప్పినట్టే. వెనక్కి తీసుకునే వీల్లేదు. తీసుకుంటే మార్తమ్మ మాట పోతుంది, పాస్టరుగారి మాట పోతుంది, అందరికంటే ముందు తన మాట పోతుంది. ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. "వీటన్నిటికంటే నువ్వు సీటు తెచ్చుకోవడమే తేలికమ్మా."

ఆ పని ఆమె చేసేదే, ఊరు చేయనిస్తే. సోమవారం పొద్దున్నే పక్కింటి కనకలక్ష్మిగారు వచ్చి, మేడ మీద అద్దెకున్నవాళ్లు పెంచుతున్న పావురాల మీద కేసు వేయొచ్చా అని అడిగారు. ఆవిడ వెళ్తుండగానే మరొకరు ఎదురొచ్చారు. తను లాయరును కానని వినీల ఎంత చెప్పినా అది అణకువ కింద జమ అయింది. ఇంత అణకువ ఉన్న లాయరు ఎక్కడ దొరుకుతుందని జనం ఇంకా పెరిగారు. మంగళవారానికి వసారాలో బల్లలు చాల్లేదు. వాళ్లందరికీ టీలు కాచి కాచి మార్తమ్మకు మోకాలు మళ్లీ పట్టేసింది.

అందరిలోకీ మొండివాళ్లు బసవయ్య, సురేష్. ఇద్దరి చెరకు తోటలకూ నీళ్లొచ్చేది ఒకే బోదె కాలువలో. ఆ బోదె నిండా గుర్రపుడెక్క కలుపు పట్టింది. తీయాల్సింది నువ్వంటే నువ్వని రెండేళ్లుగా మాటల్లేవు. బసవయ్య తాత వరసవాడు, పెద్దమనిషి. సురేష్ ఎరువుల కొట్టు నడిపే కుర్రవాడు. ఇద్దరూ రోజూ వచ్చి వసారాకు చెరో కొసన కూర్చునేవారు. తీర్పు వినకుండా కదిలేది లేదన్నారు.

బుధవారం సాయంత్రం పుస్తకం తెరిచి చూసుకుంటే కోరిలేషన్ ఇంకా సగంలోనే ఉంది. వినీలకు ఏడుపొచ్చింది. ఎంట్రన్సు జ్వరంతో పోయింది. ఇదీ పోతే ఆ తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. వసారాలో కూర్చున్న జనాన్ని చూస్తే ఒక్కసారిగా ఒళ్లు మండింది. లేచి వెళ్లి పుస్తకం సురేష్ ఒళ్లో పడేసింది.

"ఇందులోంచి ప్రశ్నలడుగు అన్నయ్యా. అన్నింటికీ నేను సరిగ్గా చెప్పేదాకా ఎవరి గొడవా వినను."

ఇదేదో లాయర్ల పద్ధతి కాబోలనుకుని అందరూ సర్దుకుని కూర్చున్నారు. సురేష్ డిగ్రీ మధ్యలో మానేసినవాడే అయినా ఇంగ్లీషు చదవగలడు. అడగడం మొదలుపెట్టాడు. రెండో ప్రశ్నకు వినీల జవాబు చెబుతుంటే అవతలి కొస నుంచి బసవయ్య అడ్డుపడ్డాడు.

"పిల్ల తడబడింది. మళ్లీ చెప్పించు."

రెండేళ్లలో బసవయ్య సురేష్‌తో అన్న మొదటి మాట అది. సురేష్ మళ్లీ చెప్పించాడు. బసవయ్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ ఎదుటి మనిషి గట్టిగా చెబుతోందా గాల్లో చెబుతోందా అన్నది మొహం చూసి పట్టేస్తాడు. ఒకరు ప్రశ్న, ఒకరు మొహం. పుస్తకం ఒక్కటే కావడంతో గురువారం ఇద్దరూ ఒకే బల్ల మీదికి మారారు. శుక్రవారం కనకలక్ష్మిగారు పావురాల సంగతి మరిచిపోయి, ప్రాబబిలిటీ ఇంకా పచ్చిగానే ఉందని బెంగపడ్డారు. ఎటొచ్చీ ఏసుపాదానికే పని లేకపోయింది. లోపలికీ బయటికీ తిరుగుతూ, ఎవరైనా దగ్గితే కసురుకునేవాడు.

సోమవారం వినీల పరీక్షకు బయల్దేరితే బస్టాండు దాకా ఊరేగింపులా వచ్చారు. ఆమెకు సిగ్గేసింది. బస్సు కదిలాక మాత్రం కళ్లు తడిశాయి.

నెల తిరిగేసరికి ఫలితాలొచ్చాయి. స్టాటిస్టిక్స్‌లో ‘ఏ’ గ్రేడు. ఆ వారంలోనే లా కోర్సులోకి మార్చుకున్నట్టు కబురొచ్చింది. ఏసుపాదం కూతురి తల నిమిరి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. సీటు వచ్చిందని ఆయన ఊళ్లో ఎవరికి చెప్పినా, అదెప్పుడో తెలిసిందే కదా అని పోయారు. మార్తమ్మ కూడా పెద్దగా సంతోషించలేదు. వచ్చేసిన సీటు మళ్లీ రావడంలో విశేషమేముందో ఆమెకు అర్థం కాలేదు.

ఇప్పుడైనా గొడవలు విని ఊరందరి రుణం తీర్చుకోవాలని వినీల ఆ సాయంత్రం వసారాలో బల్లలన్నీ వేయించింది. ఒక్కరూ రాలేదు. చివరికి తనే బసవయ్య ఇంటికి వెళ్లింది. బోదె గొడవ ఇప్పుడు చెప్పు తాతయ్యా, వింటానంది.

"ఆ బోదా? అది అయిపోయి చాన్నాళ్లయింది తల్లీ," అన్నాడాయన. "రోజూ మీ ఇంటి నుంచి కలిసే పోయేవాళ్లం గదా. నువ్వు మర్నాటికి ఏ పాఠం అప్పజెప్పాలో మాట్లాడుకుంటా దారిలో ఇద్దరం తలా కాస్త డెక్క లాగేశాం."

పావురాల వాళ్లతో కనకలక్ష్మిగారికి స్నేహం కుదిరింది. మిగతావాళ్ల తగాదాలు వసారాలో కూర్చుని కూర్చుని వాటంతటవే చల్లారాయి. ఇంత కష్టపడి లాలో చేరితే తన వంతుకు ఒక్క కేసూ మిగల్లేదని వినీల నాన్న దగ్గర వాపోయింది.

కొత్త తరగతిలో మొదటి రోజు లెక్చరరుగారు ఒక్కొక్కరినీ లేపి, మీ ఊళ్లో తగాదాలు ఎలా తీరుతుంటాయని అడిగారు. ఒకరు పోలీసు స్టేషనన్నారు, ఒకరు కోర్టన్నారు, ఒకరు పెద్దమనుషులన్నారు. వినీల లేచి, "మా ఊళ్లో స్టాటిస్టిక్స్‌తో తీరతాయండీ," అని చెప్పి కూర్చుంది.