ఉలవల వారి గ్రంథాలయం

మా గురుమూర్తి ఇంటిపేరు ఉలవల. కదిరిలో అతనిది స్టీలు సామాన్ల అంగడి. దాని పక్కనే నాది బోరు మోటార్ల అంగడి. ఎండాకాలం మధ్యాహ్నం మా ఊళ్ళో స్టీలు గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కాబట్టి అతని దగ్గరికి ఎవరూ రారు. బోర్లలో నీళ్ళుండవు కాబట్టి నా దగ్గరికీ రారు. అందుకని ఇద్దరం అంగళ్ళు మూసి, వాళ్ళింటి ముందు గదిలో కూలర్ పెట్టుకుని పేకాడేవాళ్ళం.

రెండాటలు కాకముందే గురుమూర్తి నిద్రపోయేవాడు. ఊళ్ళో అతన్ని గురకమూర్తి అనేది అందుకే. అతను నిద్రపోయాక అతని ముక్కలు కూడా నేనే ఆడేవాణ్ణి. అయినా చాలాసార్లు అతనే గెలిచేవాడు.

ఒకరోజు అతని భార్య నాగజ్యోతి మజ్జిగ గ్లాసులు మా ముందు పెట్టి, "వచ్చే శుక్రవారం నుంచి ఈ గదిలో కుట్టు మిషన్లు పెడతాండా. ఆడపిల్లోళ్ళు నేర్చుకునేదానికి వస్తారు. మీరు ఇంకో చోటు చూసుకోండి" అంది.

"ఇంకో చోటు యాడుండాది?" అన్నాడు గురుమూర్తి.

"అంగడి ఉండాది కదా. ఆడ మేలుకొని ఉంటే బేరాలన్నా అయితాయి."

నాగజ్యోతికి కాదని చెప్పే అలవాటు గురుమూర్తికి లేదు. పెళ్ళయిన కొత్తలో అలవాటు చేసుకుందామని చూసి, మానుకున్నాడు.

మరునాడు పొద్దున్నే మా అంగడికి వచ్చి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"భరత్‌కుమార్, దేవుని గదిని ఎవురన్నా కదిలిస్తారా?"

"కదిలించరు."

"అట్లే పెద్దోళ్ళ గదిని గూడా కదిలించరు. మా వంశంలో పుస్తకాలు రాసినోళ్ళు ఉండారు. అందరి పుస్తకాలు తెచ్చి ఆ గదిలో పెడతా. దండం పెట్టుకునే చోట మిషన్ పెట్టేదానికి ఆమెకు చేతులెట్ల వస్తాయి?"

"మీ వంశంలో రాసినోళ్ళు ఎవురప్పా?"

"ఉలవల అని ఇంటిపేరుంటే మావాళ్ళే కదా."

నాకు తెలిసి వాళ్ళ నాయన రాసిందల్లా అంగడి మీది బోర్డు ఒక్కటే. అందులోనూ స్టీలుకు దీర్ఘం లేదు. ఆ సంగతి నేనెత్తలేదు. ఆ గదిలో కూలర్ నాక్కూడా కావాలి.

గురుమూర్తి బస్సెక్కి అనంతపురం పోయి, పాత పుస్తకాల అంగళ్ళన్నీ తిరిగాడు. పుస్తకం పేరు చూడడు, లోపలేముందో చూడడు, ఇంటిపేరు ఒక్కటి చూస్తాడు. సాయంత్రానికి ఒక మూట మోసుకొచ్చి నా ముందు విప్పాడు.

మొదటిది 'మేకల రోగాలు, నాటు మందులు'. రాసినవారు కణేకల్ ఉలవల లింగప్ప. రెండోది బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పే పుస్తకం. అట్ట మీద, కింద నీళ్ళున్నాయని చెప్తున్నట్టు, రచయిత అరచేతిలో టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. వెనక ఆయన పొలం మాత్రం ఎండిపోయి ఉంది. మూడోది 'చిలమత్తూరు చెరువులో శవం' అనే డిటెక్టివ్ నవల. చెరువులో నీళ్ళు లేనందువల్ల శవం మొదటి పేజీలోనే దొరికింది. చివరి పేజీలు చిరిగిపోయినందువల్ల హంతకుడు ఇంకా దొరకలేదు. కరువు మీద పద్యాలు ఒక సంపుటి. కరువు పద్యాల్లోకీ వచ్చినట్టుంది, కొన్ని పాదాల్లో అక్షరాలు చాల్లేదు. అడుగున ఉలవల హనుమంతమ్మ రాసిన 'ఇంటింటా కుట్టుపని' ఉంది.

ఆ ఆఖరిది వెనక్కి ఇచ్చేయమన్నాను. "పుస్తకం చిన్నదైనా పెద్దోళ్ళు పెద్దోళ్ళే" అన్నాడు గురుమూర్తి.

ఇంటికి పోయి అలమారలో పేర్చాడు. నాగజ్యోతి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఎవురు వీళ్ళంతా?"

"మావాళ్ళు. ఈ లింగప్ప నాకు చిన్నాయన. టెంకాయ పట్టుకున్నాయన పెదనాయన. పద్యాలాయన తాత."

"హత్య చేసినాయన?"

"హత్య చేయలా, రాసినాడు. అన్న అయితాడు."

"మరి ఈ హనుమంతమ్మ?"

"మేనత్త."

"మేనత్తకు పెండ్లయితే ఇంటిపేరు మారల్ల కదా."

గురుమూర్తి కాసేపు కూలర్ వైపు చూశాడు. "పెండ్లి చేసుకోలేదు పాపం. జీవితమంతా రాసుకుంటానే ఉండిపోయింది."

"మన పెండ్లికి వీళ్ళల్లో ఒకరన్నా రాలేదే."

"అదే చెప్తాండా కదా. రాసుకుంటా ఉండారు."

"ఉలవల అని ఉంటే చాలునా? వంటింట్లో ఉలవల డబ్బా ఉండాది, దాన్ని గూడా తెచ్చి పెట్టేదా?"

గురుమూర్తి సాయం కోసం నా వైపు చూశాడు. నేను మజ్జిగ తాగుతున్నాను.

ఉన్నట్టుండి నాగజ్యోతి మెత్తబడింది. "సరే. మీ పెద్దోళ్ళంటే నాకూ పెద్దోళ్ళే. ఊరికే అలమారలో పెడితే ఏం బాగుంటాది? శుక్రవారం పదిమందిని పిలిచి ఓపెనింగ్ చేద్దాం" అని పుస్తకాలు దులిపి పెడతానని లోపలికి తీసుకుపోయింది.

అంత సులువుగా ఒప్పుకున్న ఆడమనిషిని మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటే గురుమూర్తితో అన్నాను. "మీ ఇల్లు వేరు, మా ఇల్లు వేరు" అని, అప్పుడే పోయి వర్తక సంఘం అధ్యక్షుడు నరసింహులు సెట్టిని పిలిచి వచ్చాడు. రిబ్బను కనిపిస్తే కత్తెర కోసం చెయ్యి చాపే మనిషి ఆయన.

శుక్రవారం షామియానా వేశారు. నిమ్మకాయ నీళ్ళిచ్చారు. గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. గురుమూర్తి మైకు పట్టుకున్నాడు.

"ఈ పుస్తకాలల్లో పారేది నా రక్తం. మా చిన్నాయన లింగప్ప గారు చిన్నప్పుడు నన్ను ఎత్తుకొని అక్షరాలు దిద్దించినారు" అని కళ్ళు తుడుచుకున్నాడు.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఇంటి ముందు ఆటో ఆగింది. భుజాన గొంగడి వేసుకున్న పొడుగాటి ముసలాయన ఒకరు, మెడలో కొలతల టేపు వేసుకున్న పెద్దావిడ ఒకరు దిగారు. నాగజ్యోతి ఎదురు పోయి తీసుకొచ్చింది.

"పుస్తకాల వెనక ఫోన్ నంబర్లుండాయి. అన్నిటికీ చేస్తే, ఎత్తింది వీళ్ళిద్దరే" అంది మొగుడితో.

గురుమూర్తి నోరు తెరిచాడు. అతని బదులు మైకు కుయ్యిమంది.

"యాడప్పా నేను ఎత్తుకొని పెంచినోడు?" అన్నాడు ముసలాయన. ఆయనే లింగప్ప, మైకు మాటలు ఆటోలోనే విన్నాడు. అందరూ గురుమూర్తిని చూపించారు. లింగప్ప అతన్ని పొట్ట దగ్గర నుంచి మొదలుపెట్టి పరిశీలించాడు. "వీణ్ణి ఎత్తుకొని ఉంటే నా నడుము ఇట్లుండదు."

సెట్టి గురుమూర్తిని పక్కకు లాగాడు. "ఏమప్పా, గొర్లు మేపేవాళ్ళతో మనకు చుట్టరికం యాడిది? సంఘంలో ఏమని చెప్పేది?"

లింగప్ప చెవులు బాగా పనిచేస్తున్నాయి. "నేనూ అదే అడిగిపోదామని వచ్చినా సెట్టీ. అంగడోళ్ళతో చుట్టరికం ఉండాదని తెలిస్తే మావాళ్ళు నన్ను కులంలో ఉండనిస్తారా? మనవరాలికి సంబంధాలు చూస్తాండాం."

కాదంటే గ్రంథాలయం పోతుంది. అవునంటే సంఘం పోతుంది. గురుమూర్తి మైకును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. ఫోన్లన్నీ పైకి లేచి వీడియో తీస్తున్నాయి.

"నిలబడినారేమి? చిన్నాయన అంటిరి కదా, కాళ్ళకు మొక్కండి" అంది నాగజ్యోతి.

మొక్కాడు. లింగప్ప మంచి మనిషి, నెత్తిన చెయ్యి పెట్టాడు. "నూరేండ్లు బతుకు. దగ్గొస్తే నా పుస్తకం చూడు. మేకకు రాసిందే నీకూ పనిచేస్తాది."

ఈలోగా హనుమంతమ్మ ముందుకొచ్చింది. "మేనత్తను నేనంట. పెండ్లి కాలేదని చెప్పినావంట. నాకు నలుగురు పిల్లోళ్ళు నాయనా. ఉలవల అనేది మా ఆయన ఇంటిపేరు" అని, రిబ్బను కిందుగా దూరి లోపలికి పోయింది. కిటికీ తెరిచి వెలుతురుకు చెయ్యి పెట్టి చూసింది. "గది బాగుండాది. మిషన్లు యాడ?"

"ఇది గ్రంథాలయం అత్తా" అన్నాడు గురుమూర్తి.

"నా పుస్తకం చదివినావా?"

"కంఠతా వచ్చు."

"అట్లయితే చెప్పు. అంగీకి చంక కొలత ఎట్ల తీస్తారు?"

గురుమూర్తి జనం ముందు తన చంకలో తానే చెయ్యి పెట్టుకుని ఆలోచించాడు. "చక్కిలిగింత కాకుండా తీయల్లత్తా."

షామియానా కింద నవ్వని మనిషి లేడు. "ఛాతీ కొలతను పట్టి తీస్తారత్తా" అని నాగజ్యోతి గుమ్మం దగ్గర నుంచి చెప్పింది. నాలుగు రోజులుగా ఆ పుస్తకం ఆమె దిండు కింద ఉంది.

హనుమంతమ్మ అలమార వైపు చూసింది. "ఇరవై ఏండ్లు ఊరూరా తిరిగి నేర్పి, రాసిన పుస్తకం ఇది. దీన్ని పటం మాదిరి అద్దంలో పెట్టి దండం పెడితే నేను చచ్చినట్లే లెక్క. నేనింకా చావలేదు. మిషన్లు తెప్పించు పాపా."

మిషన్లు పెరట్లో దుప్పటి కింద ఉన్నాయి. ఒకదాన్ని లింగప్ప ఒక్కడే భుజాన పెట్టుకుని తెచ్చాడు. ఇంకోదాన్ని నేనూ గురుమూర్తీ కలిసి ఈడ్చాం. వెళ్ళిపోబోతున్న సెట్టి, హనుమంతమ్మ సంచిలోంచి కత్తెర తీయడం చూసి వెనక్కి వచ్చాడు. రిబ్బను ఆయనే కత్తిరించాడు. మరునాడు పేపర్లో, మహిళల కోసం సొంత గదిని ఉదారంగా ఇచ్చిన ఉలవల గురుమూర్తి అని ఫొటో పడింది. ఫొటోలో అతను ఏడుస్తున్నట్టే ఉన్నాడు. చూసినవాళ్ళు ఆనందబాష్పాలనుకున్నారు.

హనుమంతమ్మ నెలరోజులు ఉండి నేర్పిస్తానంది. ఆడవాళ్ళు బాగా చేరారు. మా ఆవిడ అనుపమ కూడా చేరింది.

మొన్న మధ్యాహ్నం గురుమూర్తి మా అంగడికి వచ్చాడు. కొత్త అంగీ. ఒక చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది, ఇంకోటి వేళ్ళు దాటి వేలాడుతోంది.

"ఇదేమప్పా?"

"మొగోళ్ళ అంగీ నేర్పిస్తాండారు. కొలతలకు మనిషి కావల్లంట. దినామూ నన్ను నిలబెడతాండారు."

"పోనీలే. మళ్ళా ఆ గదిలో నీకు చోటు దొరికింది కదా."

"దొరికింది. కూలర్ ముందరే. కూచునేకి లేదు, అంతే."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అతను కోపం తెచ్చుకోలేదు. పొడుగు చేతిని మడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"వచ్చే వారం నుంచి ప్యాంటు పాఠం. దానికి నీ పేరు ఇచ్చింది మీ ఆవిడ."