బెండకీ గోగుకీ డీఎన్ఏ పరీక్ష

ఆ ఉదయం ఉదయభాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో రెండు బెండాకులు, కంచె అవతల రెండు గోగాకులు కోసుకుని, కాఫీ చల్లారేలోగా ఇంట్లో పడాలి. రెండింటికీ ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులే. రెండింట్లోని వైరస్ ఒకటేనా, వేరువేరా అని జన్యుక్రమాలు పోల్చి చూడటం అతని పరిశోధన. పెరడు ఇంటి యజమానురాలు దాలమ్మది, గోగుచేను ఆవిడ తమ్ముడు జగన్నాధానిది.

"ఏటి బాబూ, ఆకులు కోస్తన్నావ్?" అంది దాలమ్మ.

"డీఎన్ఏ పరీక్షకండి. రెండు తెగుళ్లూ ఒకటో కాదో తేలుతుంది."

నోరు మూసుకున్నా బాగుండేది. డీఎన్ఏ అంటే దొంగని పట్టించేదని దాలమ్మకి టీవీ ఎప్పుడో నేర్పింది. తిన్నగా కంచె దగ్గరికి వెళ్లి గొంతెత్తింది.

"ఒరే జగ్గూ! నీ గోగు నుంచే నా బెండకి రోగం తగులుకున్నాది. పరీచ్చలో తేలిపోతాది, సూడు!"

"నీ బెండే నా సేనుకి అంటించినాది! రానీ పరీచ్చ!" అన్నాడు జగన్నాధం.

సాయంత్రానికి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. కంచె మీదికి కొత్తగా ముళ్లకంప ఎక్కింది. ఉదయభాస్కర్ లెక్క వేసుకున్నాడు. ఒకటే అని తేలితే జగన్నాధం చేలో అడుగు పెట్టనివ్వడు, పరిశోధన గోవిందా. వేరని తేలితే ఇల్లు గోవిందా. ఆ సంగతి దాలమ్మ ముందే చెప్పేసింది. "సరిగ్గా సూడు బాబూ. నీకు ఇల్లిచ్చినాన్నేను."

ఆ భయంలో అతనికో ఉపాయం తోచింది. భార్య ఆమని కుండీలో పెంచుకుంటున్న మందారానికీ ఈనెలు పసుపెక్కాయి. తప్పు చెట్టు మీదికి పోతే మనుషులు చల్లబడతారని ఆ ఆకునీ పరీక్షకు పంపాడు.

ఫలితం వచ్చేదాకా అన్నం సహించలేదు. వచ్చాక అసలే సహించలేదు. గోగు వైరస్ వేరు. బెండ వైరస్ అచ్చం మందారంలోదే.

అరుగు మీద అక్కాతమ్ముళ్లిద్దరూ తీర్పు కోసం ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. ఉదయభాస్కర్ ఉన్నది చెప్పేశాడు.

"అంటే నీ కుండీలోంచి నా బెండకి వచ్చినాదా!" దాలమ్మ లేచి నిలబడింది.

ఆమనికి ఒళ్లు మండింది. "పిన్నిగారూ, రోజూ తెల్లారకుండా ఆ పూలు కోసుకుని బెండ మొక్కల్లోంచి నడిచెళ్లేది మీరే కదా! ఈ తెగుల్ని మోసే తెల్లదోమ మీ కొంగు పట్టుకునే వచ్చుంటుంది."

దాలమ్మ చెంపలేసుకుంది. "దేవుడి పూలసెట్టుని ఏటీ అనకు. కళ్లు పోతాయి!"

"నిజమే అప్పా," అన్నాడు జగన్నాధం అక్కతో. "ఇన్నాళ్లూ మనం బాగానే ఉన్నాం. ఈ బాబు ఆకులు కోసినాకే గదా ఈ గొడవంతా!"

ఆ పూట తమ్ముడి భోజనం అక్క ఇంట్లోనే. చేయి కడుక్కుని వచ్చి దాలమ్మ ఉదయభాస్కర్‌ని ఇల్లు ఖాళీ చెయ్యమంది, మందారం కుండీ మాత్రం ఉంచేసి వెళ్లమంది.