ఆరు నుంచి ఏడు దాకా

పెళ్లయి డెబ్బై రెండు రోజులు. ఒకే కప్పులో రెండు బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉండటం చూస్తే ఆమెకు ఇంకా నవ్వొచ్చేది. అతని చొక్కా గుండీ ఊడితే, కుట్టే సాకు దొరికిందని సంబరపడేది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. మధ్యాహ్నం వెళ్తే తిరిగొచ్చేసరికి అతను గురక పెడుతుండేవాడు. అతను ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగి. ఏడింటికి స్నానం, ఏడున్నరకు బస్సు. ఇక ఇద్దరికీ మిగిలింది ఉదయం ఆరు నుంచి ఏడు దాకా ఒక్క గంట. ఆ గంట కోసమే రోజూ తెల్లవారుతుందని ఆమె గట్టి నమ్మకం.

ఆ ఉదయం ఆమె కాఫీతో పాటు అతని రక్తపరీక్ష కాగితం కూడా తెచ్చి ముందు పెట్టింది. రక్తం తీసింది తనే, పరీక్ష చేసింది తనే, కాబట్టి దబాయించే హక్కూ తనదే.

"షుగర్ సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. ఇంకో అడుగేస్తే అవతల పడతారు. రేపటి నుంచి వ్యాయామం."

"అయితే జిమ్‌లో చేరతాను. మూడు వీధుల అవతలే ఉంది. నలుగురూ చూస్తుంటే సిగ్గుకైనా పరిగెత్తుతాను. ఇంట్లో మిషన్ పెడితే దానిమీద తువ్వాళ్లు ఆరేసుకుంటాం."

"మీరు జిమ్‌కు పోయొచ్చేసరికి ఏడు దాటుతుంది. మరి మన గంట?"

"గంట ఎక్కడికి పోతుందే? రేపు మళ్లీ వస్తుంది."

ఆమె మూతి ముడిచింది. కొత్త పెళ్లాం మూతి ముడిస్తే తట్టుకుని నిలబడిన మగవాడు ఇంకా పుట్టలేదు. ట్రెడ్‌మిల్ కొనాలని తీర్మానమైపోయింది.

చిక్కల్లా అద్దె కాగితంతోనే. పై వాటాలో బరువైన యంత్రాలు పెట్టరాదని అందులో స్పష్టంగా రాసి ఉంది. కింద వాటాలో ఉండే ఇల్లుగలావిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. షరతంటే షరతే. ఆవిడ కూతురింటికి వెళ్లిన రెండు రోజుల్లో, దొంగసొత్తు దాచినట్టు మిషన్‌ను మెట్లెక్కించి హాల్లో పెట్టించారు. పరుగు కాగానే దుప్పటి కప్పేవాళ్లు. దాచాలన్న సంగతి మిషన్ విషయంలో గుర్తున్నంతగా గొంతుల విషయంలో గుర్తులేదు.

నర్సమ్మ తిరిగొచ్చిన మర్నాడు ఉదయం ఆరింటికి ఆవిడ నెత్తిమీద ధన్ ధన్‌మని చప్పుడు మొదలైంది. దాంతోపాటు మాటలు.

"ఇవాళ మిమ్మల్ని వదిలే ప్రసక్తే లేదు!"

"చచ్చిపోతానే! నీకు దణ్ణం పెడతా, వదిలెయ్!"

"ఏం చావరు. ఇంకో పది నిమిషాలు!"

నర్సమ్మ మంచం మీద లేచి కూర్చుంది. 'మీరు, మీరు అంటూనే ఎంత మర్యాదగా బాదుతోంది!' అని ఆశ్చర్యపోయింది.

నాలుగో రోజు అతను చెమట తుడుచుకోబోయి కాలు తడబడ్డాడు. బెల్టు అతన్ని వెనక్కి ఈడ్చి అలమారకేసి కొట్టింది. పైనున్న స్టీలు డబ్బా ఊడి నుదుటి మీద పడింది. బుడిపె కట్టింది. నేలమీద కాళ్లు చాపుకుని చంటిపిల్లాడిలా కూర్చున్న మొగుణ్ణి చూసి ఆమె పడీపడీ నవ్వింది. అంత ముద్దొచ్చాడు మరి. కింద నర్సమ్మకు మాత్రం దభీమన్న చప్పుడూ, "అమ్మో!" అన్న కేకా, ఆ వెనకే నవ్వూ వినిపించాయి.

మెట్ల దగ్గర ఆవిడ అతన్ని పట్టుకుంది. "నుదుటికేమైంది బాబూ?"

మిషన్ సంగతి చెబితే ఇల్లు ఖాళీ చేయాలి. "బాత్‌రూమ్‌లో జారిపడ్డానండీ" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఎమర్జెన్సీలో ముప్పై ఏళ్లు చేశాను. జారిపడ్డామని వచ్చినవాళ్లలో నిజంగా జారినవాళ్లు ఇద్దరే."

మధ్యాహ్నం ఆమెనూ అదే ప్రశ్న అడిగింది. మొగుడు ఏం చెప్పాడో ఆమెకు తెలియదు. "తలుపు తగిలిందాంటీ" అంది.

మర్నాటి నుంచి చప్పుడు కిందికి పోకుండా కిటికీలన్నీ మూసి, పరదాలు దించారు. నర్సమ్మ పెరట్లోంచి అదీ చూసింది. ఇక ఆగలేకపోయింది. అద్దె కాగితంలో హామీ సంతకం చేసినది అతని అక్క. ఆ నంబరుకు ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా ఆడపడుచు దిగింది, వెనకే నర్సమ్మ. ఆడపడుచు ఓ పెద్ద బడిలో టైంటేబుల్ వేసే టీచరు. నలభై మంది మాస్టర్లు ఒకరికొకరు అడ్డం పడకుండా ఎవరి గదికి వాళ్లను పంపించడం పదహారేళ్లుగా ఆవిడ విద్య.

"చిన్నోడా, ఎన్నాళ్ల నుంచి కొడుతోందిరా?"

"ఎవరక్కా?"

"మొదట్లో అందరూ ఇలాగే బుకాయిస్తారమ్మా" అంది నర్సమ్మ జాలిగా.

ఆమెకు తల తిరిగిపోయింది. "వదినా, నేను కొట్టడమేంటి! ఈయన మీద ఈగను కూడా వాలనివ్వను!"

"మరి ఆ బుడిపె? వాడు జారానంటాడు, నువ్వు తలుపంటావు. ఏదో ఒకటి అనుకుని చెప్పండి."

ఇక లాభం లేదని ఆమె విసురుగా వెళ్లి దుప్పటి లాగేసింది. "ఇదిగో కొట్టింది! ఇదే! పొద్దున్నే పరిగెత్తిస్తున్నాను, అంతే! ఇల్లు ఖాళీ చేయిస్తారా, చేయించండి!"

నర్సమ్మ మిషన్‌ను చేత్తో తట్టి చూసింది. కోపానికి బదులు ఆవిడ ముఖంలో కొంచెం నిరాశే కనిపించింది. అంతా అక్కడితో నవ్వులాటగా ముగిసిపోవలసింది. కానీ ఆడపడుచు తమ్ముడి వైపు తిరిగింది.

"ఇదెవరి ఆలోచనరా?"

అద్దె షరతు తప్పిన నేరం తన మీదికి రాకూడదన్న కంగారులో అతను నిజం చెప్పేశాడు.

"నేను జిమ్ అనే అన్నానక్కా! వింటేగా! రోజూ ఆరవుతోందంటే నాకు వణుకు. ఏడెప్పుడవుతుందా అని గడియారం చూస్తూ పరిగెడతాను."

ఆమె చేతిలోని దుప్పటి జారి కింద పడింది.

"గడియారం చూసేవారా?"

"అంటే... నా ఉద్దేశం అది కాదు..."

"నేను ఆ గంట కోసం మిగతా ఇరవై మూడూ గడుపుతున్నాను. మీరు అది పోవడం కోసం చూస్తున్నారా?"

"ఊపిరాడకపోతే ఎవడైనా చూస్తాడు! నువ్వెక్కి చూడు తెలుస్తుంది!"

"ఏనాడైనా ఆపమని నిజంగా అడిగారా?"

"రోజూ దణ్ణం పెట్టి అడిగాను కదే! నువ్వు నవ్వావు!"

ఆ ఇంట్లో మొట్టమొదటి నిజమైన పోట్లాట అదే. "చూశారా" అంది నర్సమ్మ తృప్తిగా. "నేను చెప్పలేదూ?"

ఆడపడుచు సంచీలోంచి స్కేలూ పెన్సిలూ తీసింది. పావుగంటలో కాగితం తయారైంది. ఆరు నుంచి ఏడు దాకా అతను జిమ్‌లో. ఆ రుసుము అక్క కట్టింది. మిషన్ నర్సమ్మ ముందుగదిలోకి దిగింది. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ఆవిడ దానిమీద నడుస్తుంటే, పడకుండా ఆమె పక్కన నిలబడాలి. ఇల్లు ఖాళీ చేయించకుండా ఉండటానికి అదీ కొత్త షరతు. అతను స్నానానికి వచ్చేసరికి ఆమె ఇంకా కిందే. ఆమె పైకి వచ్చేసరికి అతను బస్సులో. ఎక్కడా ఇద్దరూ ఒక గదిలో పడని ఆ పనితనం చూసి నర్సమ్మ ముక్కున వేలేసుకుంది.

మొదటి వారం ఆమె అలిగి ఊరుకుంది. రెండో వారం అతను సారీ చెబుదామనుకున్నాడు గానీ ఎప్పుడు చెప్పాలో కాగితంలో లేదు. తర్వాత ఇద్దరికీ అలవాటైపోయింది. అతని షుగర్ దిగింది. ఆ ఫలితాన్ని ఆమె ల్యాబులో, తెలియని మనిషి కాగితం చూసినట్టు చూసి, కవరులో పెట్టి బల్లమీద ఉంచింది.

నెల తిరిగేసరికి ఆడపడుచు నుంచి ఓ కాగితం వచ్చింది. "గొడవలు: లేవు. అరుపులు: లేవు. దంపతులు సంతృప్తిగా ఉన్నారు." అడుగున సంతకాలకు రెండు గీతలు.

ఇద్దరూ సంతకం చేశారు, ఎవరి పీరియడ్‌లో వాళ్లు.