ఇంటిల్లిపాదికీ పనికొచ్చే జబ్బు

కోడలికి నెలసరి గతి తప్పించే పీసీఓఎస్ అనే జబ్బు ఉండటం ఆ ఇంటివాళ్ల పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. ఈ వ్యాసకర్త కళ్లారా చూసిన సంగతే చెబుతున్నాడు.

ఆ కోడలు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం. నాలుగు నెలలుగా నెలసరి రాకపోయేసరికి హడలిపోయి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ రిపోర్టులన్నీ చూసి, "మందుల సంగతి తర్వాత చూద్దాం. ముందు రోజూ అరగంట, మధ్యలో ఆగకుండా, చెమట పట్టేలా నడువు. చాలామందికి దీంతోనే నెలసరి దారిలో పడుతుంది" అంది. కోడలికి ప్రాణం లేచొచ్చింది. వస్తూ వస్తూ బూట్లు కొనుక్కుంది.

వ్యాయామమన్న మాట చెవిన పడిందో లేదో, ఇంట్లో అందరికీ వైద్యం వచ్చేసింది! మొగుడు పాడైన వాషింగ్ మెషీన్ బాగుచేయించడం మానేశాడు. దుప్పట్లు పిండితే భుజాలకు మంచిదట. అత్తగారు మాప్ కర్రను అటకెక్కించింది. వంగి తుడిస్తేనే నడుము తగ్గుతుందట. మరిది రోజుకో వస్తువు మేడ మీద మరిచిపోయి వచ్చి, మెట్లెక్కితే కొవ్వు కరుగుతుందని వదినకు గుర్తుచేసేవాడు. ప్రెస్సు ఓనరు మాత్రం తక్కువ తిన్నాడా? లిఫ్టు పక్కనే నిలబడి, ప్రూఫుల కట్ట ఆవిడ చేతిలో పెట్టి, మూడో అంతస్తుకు మెట్లు చూపించాడు. ఇంత శ్రద్ధ ఏ ఆసుపత్రిలో దొరుకుతుంది చెప్పండి?

డాక్టరమ్మ చెప్పిన అరగంట ఒక్కటే దొరకలేదు. మూడు నెలలు గడిచాయి. బూట్లు అట్టపెట్టె లోంచి బయటికి రాలేదు. నెలసరీ రాలేదు. కోడలికి మళ్లీ భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా వచ్చింది.

"ఎక్కడికమ్మా?" అంది అత్తగారు.

"నడవడానికి అత్తయ్యా."

"పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నావు కదా. ఒంటికి కాస్త విశ్రాంతి ఉండొద్దూ? కూర్చో. కూర్చుని ఈ ఉల్లిపాయలు తరుగు."

"అమ్మ నీ మంచికే చెబుతోంది" అన్నాడు మొగుడు, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

కోడలు వంగి లేసులు బిగించుకుంది. "ఇన్నాళ్లూ నేను చేసినవన్నీ మీకు పనికొచ్చాయి అత్తయ్యా. ఈ అరగంట మీకెవరికీ పనికిరాదు. నాకు మందు ఇదే" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

చూశారా ఘోరం! వ్యాయామం పోయి పోయి ఆవిడ ఒంటికే పట్టేస్తే ఇల్లేం కావాలి? ఆ సాయంత్రం ముగ్గురు ఆరోగ్యవంతులు, పాపం, అరగంటసేపు ఉల్లిపాయల కేసి చూస్తూ కూర్చున్నారు.