వంటింటి గోడ మీద మరక

ఆ శనివారం పొద్దున నిర్మలాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి ఓనరు రాన్ భార్యతో సహా వస్తాడు, టీ తాగుతాడు, కొత్త అగ్రిమెంటు మీద సంతకం పెట్టి పోతాడు. వంటింటి గోడ మీద మరక మాత్రం అతని కంటపడకూడదు.

పళ్లెమంత మరక అది. రోజూ కుక్కర్ ఆవిరి కొట్టీ కొట్టీ వచ్చిందని ఆమె నమ్మకం. గోడలు పాడుచేస్తే ఖాళీ చేయాల్సిందేనని పాత అగ్రిమెంటులో ఉంది. లండను శివారు ఇల్ఫర్డ్‌లో ఆ వీధి చివరి స్కూల్లో కూతురు మనోజ్ఞకు సీటొచ్చిందే ఈ ఫ్లాటు అడ్రసు పుణ్యమా అని. ఇల్లు పోతే సీటూ పోతుంది. అందుకే మరక మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించింది.

రాన్ అచ్చమైన కాక్నీ, అంటే తూర్పు లండను మనిషి. రోమ్‌ఫర్డ్ సంతలో పండ్లు అమ్మి రిటైరయ్యాడు. కొనేవాళ్లకు తెలియకుండా మాట్లాడుకోవడానికి అక్కడి అమ్మేవాళ్లకో పద్ధతి ఉంది. అసలు మాట దాచేసి, దానికి ప్రాస కుదిరే మాటలు అంటారు. ఫోను ‘డాగ్ అండ్ బోన్’, టీ ‘రోజీ లీ’. ఆఫీసులో ఇలాంటివి నాలుగు నేర్చుకుని, లండను మొత్తం అర్థమైపోయిందనుకుంటున్నాడు ఆమె భర్త గోపాల్‌రావు.

సిద్దిపేట బళ్లో చదివిన ఆ దంపతులకూ దాపరికానికి ఒక భాష ఉంది. ప్రతి అక్షరానికీ ముందు ‘క’ తగిలించే క-భాష.

రాన్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి నడిచి, క్యాలెండరు పక్కనే నిలబడి భార్య డోరీన్ చెవిలో ఏదో గొణిగాడు. గోపాల్‌రావుకు ‘బుచర్స్ హుక్’ ఒక్కటే వినిపించింది. అంటే ‘లుక్’.

“కచూకస్తుకన్నకడు” అన్నాడు భార్యతో.

“కఫ్రిజ్ కజకరుకపు” అంది నిర్మల.

డోరీన్ అగ్రిమెంటు కాగితాలతో ముందుగదిలోకి వెళ్లింది. ఫ్రిజ్ వెనకాల ఊడవాలంటూ గోపాల్‌రావు దాన్ని మరక వైపు నెట్టబోయాడు. రాన్ అభ్యంతరం చెప్పకపోగా, కోటు విప్పి ముందుగదిలోకి విసిరి, తలుపు మూసి, తానూ భుజం ఆనించాడు. ఓనరుకు ఇంత హుషారేమిటని నిర్మలకు అనుమానం వచ్చేలోపే ఫ్రిజ్ కింద చక్రం విరిగింది. అది పక్కకు ఒరిగి, గోడకూ తలుపుకూ మధ్య బిగుసుకుపోయింది.

ముగ్గురూ లాగారు, నెట్టారు. కదల్లేదు. రాన్ డాగ్ అండ్ బోన్ కోటు జేబులో ఉంది. మొగుడూ పెళ్లాల ఫోన్లు రెండూ ముందుగదిలో ఛార్జింగులో ఉన్నాయి.

“సంతకం గావాల్సిన కాయితం అవుతల, మనం ఇవుతల. మంచిగనే జరిపినవ్” అంది నిర్మల.

“నువ్వే గదనే జరపమన్నవ్.”

రాన్ తలుపు సందులోంచి అరిస్తే డోరీన్ ఫైరింజనుకు ఫోన్ చేసింది. అది వచ్చేదాకా నిర్మల టీ పెట్టింది. ముగ్గురూ వంతులవారీగా క్యాలెండరుకు వీపు ఆనించి తాగారు. ఎవరూ ఎవరినీ పక్కకు జరగమనలేదు.

ఫైరువాళ్లు తలుపు ఊడదీసి ఫ్రిజ్‌ను బయటికి లాగారు. దానికి తగులుకుని క్యాలెండరూ ఊడొచ్చింది.

మరక బయటపడింది.

కుక్కర్ ఆవిరి తమదేనని, కడిగిస్తామని, పిల్ల స్కూలు పోకుండా చూడమని నిర్మల ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆమె మాట పూర్తికాకముందే రాన్ చేతులు జోడించినంత పని చేశాడు. పైకప్పు ఏనాటినుంచో కారుతోందట. కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవద్దట. మరక మీద వీళ్ల లుక్ పడనివ్వొద్దని ఇందాక తను డోరీన్ చెవిలో గొణిగింది అందుకేనట. తప్పు మాదంటే మాదని ఇద్దరూ పట్టుబడుతుంటే ఫైరువాళ్లు హెల్మెట్లు తీసి నిలబడ్డారు.

డోరీన్ కళ్లద్దాలు పెట్టుకుని మరకను తేరిపార చూసింది.

“పైకప్పూ కాదు, కుక్కరూ కాదు. అది రోజీ లీ.”

పెళ్లయిన కొత్తలో వాళ్ల కాపురం ఈ ఫ్లాటులోనే. సముద్రం చూపిస్తానని ఒట్టేసిన ఆదివారం రాన్ ఫుట్‌బాల్‌కు పోయి వచ్చాడట. డోరీన్ నిండు టీపాటు గురిచూసి విసిరిందట. అతను వంగి తప్పుకుని, అలిగి అమ్మగారింటికి పోయాడు. తిరిగొచ్చేలోగా ఆమె రంగు పూసేసింది. ఎన్నిసార్లు పూసినా మరక మళ్లీ తేలుతూనే ఉంది.

“మరి నేను ఇన్నేళ్లూ పైకప్పు రిపేరు చేయిస్తుంటే చెప్పవేం?” అన్నాడు రాన్ నీరసంగా.

“నువ్వు సముద్రం ఎప్పుడు చూపిస్తావో చూద్దామని.”

సంతకాలు అక్కడే, ఫ్రిజ్ మీద కాగితం పెట్టి చేశారు. కొత్త అగ్రిమెంటులో గోడల షరతు కొట్టేసి, దాని బదులు డోరీన్‌కు టీ ముందుగదిలోనే ఇవ్వాలని రాన్ స్వయంగా రాశాడు.