దేవుని బియ్యంలో బుట్టకమ్మలు

"దొంగలు పడితే ఎట్లయ్యా?" అంది సువార్త, పొయ్యి మీద టీ ఇంకా పొంగకముందే.

ఖానాపురం హవేలిలో వాళ్ల వీధిలో దొంగతనం జరిగినట్టు ఎవరికీ గుర్తు లేదు. ఆ మాట చెప్పడానికి భర్త భాస్కర్ నోరు తెరిచాడు కూడా. కానీ ఆమె అప్పటికే దొంగల్ని వదిలేసి, రేపు హైదరాబాద్ నుంచి కూతురు సుజన ఎక్కబోయే బస్సు దగ్గరికి వెళ్లిపోయింది. డ్రైవర్ కునుకు తీస్తే? బ్రేకులు పడకపోతే? భాస్కర్ నోరు మూసుకుని టీ కోసం చూశాడు. సువార్త ప్రార్థనది కూడా ఇదే పద్ధతి. మోకాళ్ల మీద కూర్చుని, జరగబోయే ప్రమాదాలన్నీ దేవునికి వరసగా చెప్పి, ఆమేన్ అని లేచిపోతుంది. ఆయన ఏమైనా చెప్పాలనుకున్నా సందు దొరకదు.

ఈసారి భయానికి ఒక కారణమైతే ఉంది. గురువారం సుజనకు పెళ్లి మాట ఖాయం చేసే ప్రధానం. ఆ రోజు పిల్ల చెవులకు పెట్టడానికి తన తల్లి బుట్టకమ్మలను సువార్త మెరుగు పెట్టించి తెచ్చింది. తల్లి గుర్తుగా ఆమెకు మిగిలినవి అవే. బీరువాలో పెడదామంటే దొంగలు ముందు బీరువానే చూస్తారు. పరుపు కింద పెడదామంటే తర్వాత పరుపే ఎత్తుతారు. అందుకని వాటిని గుడ్డలో మూటకట్టి దేవుని బియ్యం డబ్బాలో పూడ్చింది. అన్నం వండిన ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి, సంఘం కోసం ఆ డబ్బాలో వేయడం ఆమెకు అమ్మ నేర్పిన అలవాటు. ఎంత దొంగయినా దేవుని బియ్యం మీద చెయ్యి వేయడని ఆమె నమ్మకం.

దొంగ గురించి అంత ఆలోచించిన మనిషి సంఘం గురించి ఆలోచించలేదు. స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చేసరికి డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది.

"బియ్యమేవయ్యా?"

"చర్చి నుంచి కవిత వచ్చి తీస్కపోయింది. గానీ..." అన్నాడు భాస్కర్.

ఆ 'గానీ' తర్వాతి మాట వినడానికి సువార్త అక్కడ లేదు.

చర్చి ముందు వ్యాను బయలుదేరబోతోంది. స్త్రీల సమాజం నెలకోసారి ఇళ్లన్నిటి బియ్యమూ పోగుచేసి, భద్రాచలం అవతల అడవి పల్లెలో ఉన్న చిన్న సంఘానికి తీసుకెళ్తుంది. అక్కడివాళ్లతో కలిసి వండుకుని, తిని, సాయంత్రానికి తిరిగొస్తుంది. అప్పటికే అందరి బియ్యమూ ఒకే గోనెలోకి ఒంపి, మూతి కుట్టి, వ్యానులోకి ఎక్కించేశారు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ కిందటి ఆదివారమే స్త్రీల కూడికలో సువార్త వాక్యం చెప్పింది. దొంగలెత్తుకుపోయే బంగారం మీద మనసు పెట్టుకోకూడదని చెబుతూ తానూ ఏడ్చి, అందరినీ ఏడిపించింది. దొంగల భయంతో ఆ బంగారాన్నే తెచ్చి దేవుని బియ్యంలో దాచానని ఇప్పుడు అదే నోటితో ఎలా చెప్పడం?

"నేను గూడ వస్త," అంది.

వ్యాను కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. పాములని, మలేరియా అని, గోదావరి మీద వంతెన ఎప్పుడైనా కూలుతుందని ప్రతి నెలా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునే మనిషి, తడి తలతో, ఇంట్లో తిరిగే చెప్పులతో వచ్చి నిలబడింది. పాస్టరుగారి భార్యను అందరూ అమ్మగారనే పిలుస్తారు. ఆవిడ కళ్లు చెమర్చాయి. "పిలుపంటే గట్లనే ఉంటది. తల దువ్వుకునే టైం గూడ ఇయ్యదు," అన్నారు.

వ్యాను కదిలేసరికి వీధి మలుపులోంచి భాస్కర్ పరుగెత్తుకొచ్చాడు. పిడికిలి బిగించి, చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు.

"గ్యాస్ బంద్ చెయ్యి," అని సువార్త కిటికీలోంచి కేకేసింది.

"అన్న గూడ చెయ్యెత్తి మనకోసం ప్రార్థన చేస్తున్నడు," అంది కవిత.

సువార్త సీట్లో కూర్చోలేదు. కింద కూర్చుని గోనెను కావలించుకుంది. మధ్యమధ్యలో దాన్ని వేళ్లతో నొక్కి చూస్తోంది. డ్రైవర్ సాబిర్ అద్దంలో చూసి, "బియ్యానికేం కాళ్లు రావక్కా, పైన కూసో," అన్నాడు. అమ్మగారు అతన్ని వారించారు. గోనె మీద చేతులుంచి ప్రార్థించేవాళ్లను కదిలించకూడదట.

కొత్తగూడెం దాటాక భాస్కర్ ఫోన్ చేశాడు.

"సుజనకేమైంది?" అంది సువార్త.

"ఏం కాలే. నువ్వు జర..."

"ఏం కాకుంటే ఎందుకు చేసినవయ్యా, నా పాణం పొయ్యింది. చార్జింగ్ అయిపోతది, పెట్టెయ్."

తర్వాత ఏదైనా అర్జంటు కబురు వస్తే చార్జింగ్ ఉండాలని ఫోన్ పూర్తిగా ఆపేసి బొడ్లో దోపుకుంది. వంతెన రాగానే కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి రెండు పక్కలా అడవి.

పల్లెలో పొయ్యిల మీద ఎసరు కాగుతోంది. సువార్త గోనెకు అడ్డంగా నిలబడి, ఏరకుండా గింజ కూడా పొయ్యనివ్వనంది. అవి ఏరిన బియ్యమేనని కవిత చెప్పి చూసింది.

"దేవునికిచ్చేది గింజ గింజ చూసియ్యాలె," అంది సువార్త, చేట కోసం చెయ్యి చాచి.

ఎవరింటి బియ్యం మీద ఈమెకు అనుమానమో తెలియక కవిత మూతి ముడిచింది. తీరా తన బియ్యంలోనే రాళ్లు తేలితే పరువు పోతుందని తనూ ఒక చేట అందుకుంది. అది చూసి అమ్మగారు, అమ్మగారిని చూసి ఊరి ఆడవాళ్లు. కాసేపటికి చర్చి పందిరి నిండా చేటలే. పొయ్యిల మీద ఎసరు ఇంకిపోతే మళ్లీ నీళ్లు పోశారు. సాబిర్ ఆకలికి అటూ ఇటూ తిరిగి తిరిగి వ్యానులో పడుకున్నాడు.

సువార్త పక్కన కూర్చున్న ఆ ఊరి ఆమె పేరు జోగమ్మ. మాటల్లో మాటగా, కూతుర్ని ఈ ఏడే భద్రాచలం హాస్టల్లో వేసినట్టు చెప్పింది.

"వాన పడితే నాకు నిద్ర రాదమ్మా. పిల్ల తడుస్తదేమో, జొరమొస్తదేమో అనిపిస్తది. ఎవరికన్న చెప్తే నవ్వుతరు."

సువార్త నవ్వలేదు. ఈ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరు. చేట కింద పెట్టి హాస్టల్ పైకప్పు గురించి, దుప్పటి గురించి, వార్డెన్ నంబర్ గురించి అడిగింది. ఆ తర్వాత జోగమ్మ చెప్పుకున్నదంతా విన్నది. మధ్యలో అడ్డుపడకుండా ఒక మనిషి మాట చివరిదాకా వినడం ఆమెకు అదే మొదలు. ఆఖరికి జోగమ్మ చెయ్యి పట్టుకుని, "ఏం గాదు. దేవుడున్నడు, భయపడకు," అంది.

ఈ మాట ఎవరన్నారా అని తనే పక్కకు తిరిగి చూసింది. జోగమ్మ ముఖం తేటపడింది. ఆ కాసేపూ సువార్తకు కమ్మలు గుర్తు రాలేదు.

గుర్తొచ్చేసరికి గోనె ఖాళీ అయిపోయింది. తిరగేసి దులిపింది. నాలుగు నూకలు రాలాయి. అందరి చేటలూ చూసింది. మూట లేదు. గురువారం పిల్ల బోడి చెవులు, పైనుంచి చూసే అమ్మ ముఖం ఒక్కసారే కళ్ల ముందు నిలిచాయి. ఖాళీ గోనె ఒళ్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మగారు ఆమెను లేపి అందరి ముందు నిలబెట్టారు. "ఈ ఊరి కోసం ఇంతగనం ఏడ్చినోళ్లను నేను సూడలే. ఇగ నెలనెలా ఈ బియ్యం సేవ సువార్తమ్మదే," అన్నారు. సువార్త కాదనబోయింది. వెక్కిళ్లకు తల మాత్రం కిందికీ పైకీ ఊగింది. ఒప్పుకుందని అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా జోగమ్మ కొట్టింది.

తిరుగు దారిలో వంతెన ఎక్కిన సంగతి కూడా సువార్త గమనించలేదు. ఫోన్ తెరిచి భాస్కర్‌కు చేసింది.

"ఏమయ్యా... మా అమ్మ కమ్మలు..." అంది. అంతే. ఆ పైన మాట రాలేదు.

గోదావరి గాలి, ఇంజిన్ మోత తప్ప ఇంకేమీ లేదు. అవతల భాస్కర్ కూడా వెంటనే మాట్లాడలేదు. ఇన్నేళ్లు కాపురం చేసినవాడు. ఇది నిజంగా తనకు దొరికిన సందా, ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగిందా అని చూస్తున్నాడు. వ్యాను వంతెన దాటి ఒడ్డెక్కింది. అయినా ఆమె ఏమీ అనలేదు. అప్పుడు అతనికి నమ్మకం కుదిరింది.

"కమ్మలు పొద్దుగాల్నించి నా జేబుల్నే ఉన్నయి," అన్నాడు. "బియ్యం ఇచ్చే ముందే తీసిన. గ్యాస్ గూడ బంద్ చేసిన."