భూతద్దం మాస్టారి రహస్య ఖజానా

"నా కంటిని తప్పించుకున్న నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుట్టినా మన బళ్లో చేరలేదు," అని ప్రకటించి డ్రిల్లు మాస్టారు నల్లకళ్లద్దాలు సవరించుకున్నాడు. స్టాఫ్ రూములో ఎవరూ తలెత్తలేదు. పిల్లలు తనకు పెట్టిన భూతద్దం అనే పేరు బిరుదని ఆయన నమ్మకం.

కంప్యూటర్ టీచరు సెలవు పెట్టడంతో, ఇంటర్నెట్‌లో బుద్ధిగా మెలగడం నేర్పే క్లాసు ఆయన మెడకు చుట్టుకుంది. పాఠం బాగానే చెప్పాడు. అడక్కుండా ఎవరి ఫోటో తీయొద్దన్నాడు. తప్పు చేసినవాళ్లను నలుగురిలో నవ్వులపాలు చేయకుండా విడిగా చెప్పమన్నాడు. హోంవర్కు కోసం ఒక గ్రూపు పెట్టి, చేరే లింకు పిల్లల ఇళ్లకు పంపాడు. అందులో ఎవరూ ఒక్క ముక్క రాయకూడదని హెచ్చరించి, హోంవర్కు ఇవ్వడం మర్చిపోయాడు.

అంతలో ఘోరం జరిగింది. లెక్కల టీచరు నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫోటో ఇంటింటికీ తిరిగింది. పాపం ఆవిడ క్లాసుకు వెళ్లడానికి మొహం చెల్లక, ఉద్యోగమే మానేస్తానంది.

నిజానికి ఆ ఫోటో తీసింది మాస్టారే. స్టాప్లర్ పోయిన కేసులో అల్మరాని ఫోటో తీస్తే, ముందున్న ఆవిడ కూడా పడింది. సాక్ష్యాలన్నీ తానొక్కడే ఉండే 'రహస్య ఖజానా' గ్రూపులో దాచుకోవడం ఆయన పద్ధతి. అక్కడి ఫోటో బయటికొచ్చిందంటే అంతర్జాతీయ ముఠా తన ఫోనుకు కన్నం వేసిందన్నమాట. క్లాసు లీడరు పిల్ల రెండుసార్లు "సార్, మీతో విడిగా ఒక మాట" అని వెంటపడింది. నేరస్థులు డిటెక్టివు చుట్టూనే తిరుగుతారని ఆయనకు తెలుసు. ఆ పిల్ల ఇంటి నంబరు వెంటనే బ్లాక్ చేశాడు.

ముఠా మనిషి ఆ పిల్లేనని ఆయన తేల్చడంతో పిల్లనీ, తల్లినీ పిలిపించారు. హెడ్మిస్ట్రెస్ గదిలో లెక్కల టీచరు ఒక మూల తలొంచుకుని కూర్చుంది.

"నేరం రుజువైతే పిల్లని బళ్లోంచి పంపెయ్యాలి మాస్టారూ. బాగా ఆలోచించి చెప్పండి," అంది హెడ్మిస్ట్రెస్.

"ఆలోచించడం ఎప్పుడో అయిపోయింది మేడమ్. ముద్దాయి ఆఖరి ఫోటో ఒక్కటి తీసి ఖజానాలో వేస్తే ఫైలు పూర్తి."

క్లిక్‌మనిపించాడు. మరుక్షణం తల్లి చేతిలో ఫోను మోగింది.

"ఇదేంటి, మా అమ్మాయి ఫోటో ఇప్పుడే నాకొచ్చింది?"

"ముఠా ఇక్కడే ఉంది," అని మాస్టారు తలుపు గడియ వేశాడు.

"ముఠా ఏంటండీ, ఇది మీ హోంవర్కు గ్రూపు. రహస్య ఖజానా అని ఉంటే మీ తరహా అంతే అనుకున్నాం."

మాస్టారు తన ఫోను తెరిచి చూసుకున్నాడు. హోంవర్కు లింకు బదులు ఖజానా లింకే పంపి ఉన్నాడు.

"నీకు ముందే తెలుసా?" అని హెడ్మిస్ట్రెస్ పిల్లని అడిగింది.

"తెలుసు మేడమ్. తప్పు చేసినవాళ్లకి విడిగా చెప్పాలని సారే అన్నారు. చెప్దామనే వెళ్లాను. మా క్లాసులో ఎవరో ఆ ఫోటో బయటికి పంపారు, అదీ తప్పే."

మాస్టారు కళ్లద్దాలు తీసేసి లెక్కల టీచరు వైపు తిరిగాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తప్పు నాదేనమ్మా. క్షమించండి."

"ఆ ముందు రాత్రంతా మా అత్తగారు దగ్గుతూనే ఉన్నారు మాస్టారూ," అంది లెక్కల టీచరు. "నిద్రపోయానని నాకు బాధ లేదు. తీసేముందు ఒక్కసారి లేపుంటే బావుండేది."

మాస్టారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని హెడ్మిస్ట్రెస్‌ని చూశాడు.

"ఏదేమైనా కేసు తేలింది కదా మేడమ్."

"తేలింది. ఇంకా ఎవరెవరివి ఉన్నాయి అందులో?"

"మీదొకటి ఉంది."

"నేనేం చేస్తున్నాను?"

"బల్లిని చూసి బల్లెక్కారు."

తల్లి తన ఫోను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"మేమైతే చూళ్లేదు మేడమ్," అంది ఆ పిల్ల, చాలా మర్యాదగా.

అన్ని రోజుల తర్వాత లెక్కల టీచరు నవ్వింది. చాక్‌పీసు పెట్టె అందుకుని, ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి క్లాసుకి నడిచింది.